అడాస్‌కి అదనంగా డబ్బు పెట్టాలా? లెవెల్ 1, లెవెల్ 2, అసలు లేనిది: అన్నీ నడిపాక నా లెక్క

షోరూమ్‌లో టీ ఇచ్చి కూర్చోబెట్టి, సేల్స్ కుర్రాడు వేరియంట్ల కాగితం ముందు పెడతాడు. "సార్, ఇది అడాస్ లేనిది, ఇది లెవెల్ 1, ఇది లెవెల్ 2. దీంట్లో మీరు స్టీరింగ్ పట్టుకోనక్కర్లేదు, అదే వెళ్లిపోతుంది" అంటాడు. అడాస్ అంటే కెమెరా, రాడార్లతో రోడ్డును గమనిస్తూ డ్రైవర్‌కి సాయం చేసే ఏర్పాటు. మధ్య వేరియంట్‌కీ టాప్ ఎండ్‌కీ తేడా చూస్తే లక్ష దాటి ఉంటుంది. ఇంట్లో ఒకరు "సేఫ్టీ కదా, తీసుకో" అంటారు. ఇంకొకరు "మన రోడ్ల మీద అవన్నీ పనిచేస్తాయా ఏంటి" అని పెదవి విరుస్తారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చిక్కల్లా ఏ ఫీచర్ గురించి, ఏ రోడ్డు గురించి మాట్లాడుతున్నామన్న దగ్గరే.

నేను మూడేళ్లుగా కెమెరా, రాడార్ రెండూ ఉన్న లెవెల్ 2 కారు నడుపుతున్నాను. అంతకు ముందు ఏడేళ్లు నడిపిన కారులో ఇవేవీ లేవు. మా తమ్ముడిది లెవెల్ 1 ఉన్న చిన్న ఎస్‌యూవీ, మా బావమరిదిది కెమెరా ఒక్కటే ఉన్న లెవెల్ 2 కారు. అవి కూడా తీసుకుని ఊరెళ్లొచ్చాను. హైదరాబాద్ నుంచి సూర్యాపేట మీదుగా ఖమ్మం పక్కనున్న మా ఊరికి నెలకు రెండుసార్లు ప్రయాణం, మిగతా రోజుల్లో ఆఫీసు ట్రాఫిక్. కంపెనీల పేర్లు పెట్టి తిట్టను. నాకెదురైన ఇబ్బందులు కాస్త అటూ ఇటూగా అన్ని కార్లలోనూ ఉన్నవే.

## ముందు ఈ లెవెల్ గొడవ తేల్చుకుందాం

సొంతంగా నడిచే సామర్థ్యాన్ని బట్టి వాహనాలను 0 నుంచి 5 దాకా లెవెల్స్‌గా విడగొట్టింది ఎస్ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ. లెవెల్ 1 అంటే స్టీరింగ్ గానీ, వేగం గానీ, ఏదో ఒకదాంట్లో కారు చెయ్యి వేస్తుంది. లెవెల్ 2లో రెండింట్లోనూ ఒకేసారి వేస్తుంది. రెండింట్లోనూ రోడ్డు చూడాల్సింది మీరే, ప్రమాదం జరిగితే బాధ్యత మీదే. "పట్టుకోనక్కర్లేదు" అన్న సేల్స్ కుర్రాడి మాట అక్కడికక్కడే తప్పు. చేతులు తీస్తే కొన్ని సెకన్లలోనే కారు హెచ్చరిస్తుంది, ఆ తర్వాత స్టీరింగ్ సాయం ఆపేస్తుంది.

మన దగ్గర లగ్జరీ బ్రాండ్లను పక్కన పెడితే ఇది 2020లో గ్లోస్టర్‌తో మొదలైంది. 2021లో ఆస్టర్, ఎక్స్‌యూవీ700 వచ్చాయి. 2023లో సెల్టోస్, 2024 జనవరిలో క్రెటా, అదే ఏడాది చివర్లో అమేజ్, 2025లో మారుతి విక్టోరిస్. అంటే పాతిక లక్షలు దాటిన కార్ల ముచ్చటగా మొదలై, అయిదేళ్లలో పది లక్షల చుట్టుపక్కలకు దిగింది. అందుకే ఇప్పుడు ఈ ప్రశ్న మామూలు మధ్యతరగతి ఇంట్లోకి కూడా వచ్చింది.

ఒక జాగ్రత్త. బ్రోషర్‌లో "19 ఫీచర్లు" అని ఉంటే తొందరపడి మురిసిపోకండి. ఒకే కెమెరా చేసే పనిని మూడు పేర్లతో లెక్కపెట్టడం అందరికీ అలవాటు. నిజంగా చూడాల్సినవి నాలుగైదే.

## ఏ లెక్కన ఎంచుకోవాలి

మొదటిది, మీ కిలోమీటర్లు ఏ రోడ్డు మీద తిరుగుతాయి. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లేవాళ్లకీ, వారానికోసారి విజయవాడ వెళ్లేవాళ్లకీ ఒకే సమాధానం ఉండదు. రెండోది, ఆ కారులో ఏ పనులు ఉన్నాయి: తనంతట తాను బ్రేక్ వేయడం, ముందు బండిని బట్టి వేగం మార్చుకునే క్రూజ్, లేన్‌లో నిలబెట్టడం, పక్క వెనక నుంచి వచ్చే బండిని చెప్పడం. మూడోది చాలామంది అడగనిది: నచ్చనిదాన్ని ఎంత తేలిగ్గా ఆఫ్ చేయొచ్చు, మళ్లీ ఇంజన్ ఆన్ చేస్తే ఆ సంగతి గుర్తుంచుకుంటుందా? నాలుగోది రిపేర్ ఖర్చు. అయిదోది, ఆ కారు మీరొక్కరే నడుపుతారా, ఇంట్లో నలుగురూ నడుపుతారా.

## రోడ్డెక్కాక ఏది ఎలా ఉంటుంది

తనంతట తాను బ్రేక్ వేయడం. కారు కొన్న రెండో నెల. చౌటుప్పల్ దాటాక డివైడర్ సందులోంచి బైక్ మీద ఇద్దరు, వెనకాయన ఒళ్లో ఎరువుల బస్తా, అడ్డంగా ముక్కు పెట్టారు. నేను చూసే సరికే డాష్‌బోర్డు ఎర్రగా వెలిగింది, బీప్ మోగింది, నా కాలు పెడల్ మీదకు చేరేలోపే కారు ముక్కు కిందికి దిగింది. బెల్టు భుజానికి కోసుకుపోయినట్టు పట్టేసింది. బైక్ వెళ్లిపోయింది. వెనక డీసీఎం వాడు హార్న్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆ ఒక్క సెకను కోసమే నేను పెట్టిన డబ్బంతా అనిపించింది.

అమెరికాలో ఐఐహెచ్ఎస్ అనే సంస్థ లెక్క ప్రకారం, ఈ బ్రేకు ఉన్న కార్లు ముందు బండిని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు సుమారు సగానికి తగ్గాయి. కానీ అదే సంస్థ ఇంకో మాట కూడా చెప్పింది: క్రూజ్, లేన్ సాయం కలిపి కారును నడిపించే ఏర్పాటు వల్ల ప్రమాదాలు తగ్గినట్టు ఆధారం దొరకలేదని. ప్రాణం కాపాడేది ఒకటి, హాయినిచ్చేది ఇంకొకటి. కొనేటప్పుడు ఈ రెండూ కలిపేసి చూడకూడదు.

దీనికి తలనొప్పి కూడా ఉంది. సిటీలో ఆటోవాళ్లు, బైకులు అంగుళం సందులో దూరుతుంటే పదే పదే బీప్ కొడుతుంది. ఒకటి రెండుసార్లు ఏ కారణం లేకుండా, ఫ్లైఓవర్ మలుపులో రెయిలింగ్ చూసి కాబోలు, బ్రేక్ తగిలించింది కూడా. అలా జరిగితే వెనకవాడు మిమ్మల్ని గుద్దుతాడన్న టెన్షన్ సహజం. నా ఉపాయం: హెచ్చరిక ఎంత ముందు రావాలో సెట్టింగ్‌లో "లేట్" పెట్టుకున్నాను, బ్రేకు మాత్రం ఆఫ్ చేయలేదు.

దూరం పాటించే క్రూజ్. దీనికి మన దగ్గర అసలైన ఇల్లు ఔటర్ రింగ్ రోడ్డు. 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు, బైకులకూ ఆటోలకూ ప్రవేశం లేదు. 100 దగ్గర పెట్టి కూర్చుంటే ముందు బండి తగ్గితే తగ్గుతుంది, పక్కకు జరిగితే మళ్లీ అందుకుంటుంది. శంషాబాద్ నుంచి పెద్ద అంబర్‌పేట దాకా కాలు పెడల్ మీద పెట్టకుండా వచ్చిన రోజులున్నాయి.

అదే 65వ నంబరు హైవే ఎక్కగానే కథ మారుతుంది. ఎంత తక్కువ దూరం పెట్టినా ముందు కొంత ఖాళీ వదులుతుంది కదా, ఆ ఖాళీ కనిపించగానే ఎవరో ఒకరు దూరతారు. కారు మళ్లీ వెనక్కి తగ్గుతుంది, ఇంకొకడు దూరతాడు. కాసేపటికి మీరే విసుగొచ్చి ఆపేస్తారు.

టోల్ గేటు దగ్గర ఇంకో చిక్కు. పంతంగి టోల్‌కి ముందు క్రూజ్ ఆపడం మర్చిపోయానొకసారి. ముందు కారు ఫాస్టాగ్ పడి వెళ్లిపోయింది. దారి ఖాళీ అయిందనుకుని నా కారు పరుగందుకుంది. గేటు కర్ర దానికి కనిపించదు! నేను బ్రేక్ తొక్కాను కాబట్టి సరిపోయింది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం రాత్రిపూట ఆగి ఉన్న లారీ. టెయిల్ లైట్లు లేకుండా, వెనక రెండు రాళ్లు, ఒక చెట్టుకొమ్మ పెట్టి ఎడమ లేన్‌లో నిలబెట్టేస్తారు. రాడార్‌కి కదిలే బండి బాగా తెలుస్తుంది. కదలనివి మాత్రం సైన్ బోర్డులు, వంతెనలు, రెయిలింగులు ఇలా దారి పొడవునా ఉంటాయి. వాటన్నిటికీ బ్రేక్ వేస్తే కారు ముందుకు కదలదు కాబట్టి ఎక్కువ వేగంలో ఆగి ఉన్నవాటిని చాలావరకు వదిలేసేలా తయారుచేస్తారు. ఓనర్ మాన్యువల్‌లో ఈ హెచ్చరిక ఉంటుంది, ఎవరూ చదవరు. చీకటి పడ్డాక హైవే మీద నేను క్రూజ్ పెట్టను.

రోడ్డు మీద ఆరబోసిన వడ్ల సంగతీ అంతే. కోతల సీజన్‌లో ఖమ్మం రోడ్డు నుంచి మా ఊరి దారి పట్టగానే సగం రోడ్డు వడ్లదే. చుట్టూ వరసగా రాళ్లు, రాత్రయితే పైన నల్ల పట్టా. ఆ రాళ్లను గుర్తుపట్టే కెమెరా నేనింకా చూడలేదు. స్పీడ్ బ్రేకర్లు, గొర్రెల మందలు, గడ్డి మోపులు రెండు వైపులా పొడుచుకొచ్చిన ట్రాక్టర్లు కూడా మీ కళ్ల బాధ్యతే.

లేన్‌లో నిలబెట్టడం. తెల్ల గీత బాగుంటే చక్కగా ఉంటుంది. గీత ఉన్న చోట గుంత ఉంటుంది, గుంత తప్పించడానికి స్టీరింగ్ తిప్పితే అది వెనక్కి లాగుతుంది. రిపేర్ చేసిన చోట పాత గీత, కొత్త గీత రెండూ ఉంటాయి, కారు ఏది నమ్మాలో తెలీక అటూ ఇటూ ఊగుతుంది. ఎదురుగా రాంగ్ రూట్‌లో బైక్ వస్తుంటే మీరు పక్కకు తప్పుకునే క్షణంలో స్టీరింగ్ ఎదురు తిరిగితే గుండె జారిపోతుంది. గట్టిగా తిప్పితే వదిలేస్తుంది, నిజమే, కానీ మా నాన్నగారి లాంటి అరవై దాటినవాళ్లకు ఆ ఒక్క కుదుపు చాలు కంగారు పడటానికి. నేను ఔటర్ మీద తప్ప ఇంకెక్కడా ఆన్ చేయను.

ఒక మంచి మాత్రం జరిగింది. ఇండికేటర్ వేస్తే అది లాగదు. దాంతో లేన్ మారేటప్పుడల్లా ఇండికేటర్ వేయడం అలవాటైపోయింది. డ్రైవింగ్ స్కూల్‌వాడు నేర్పలేనిది ఈ వణికే స్టీరింగ్ నేర్పిందని మా ఆవిడ నవ్వుతుంది.

పక్క వెనక చూపు. దీని గురించి ఎవరూ గొప్పగా చెప్పరు, రోజూ ఎక్కువగా పనికొచ్చేది ఇదే. వెనక బంపర్ మూలల్లో రాడార్లు ఉంటే, అద్దంలో చిన్న పసుపు లైటు వెలుగుతుంది. ఎడమ వైపు నుంచి దూసుకొచ్చే బైకులున్న ఊళ్లో దీని విలువ వేరు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోంచి రివర్స్‌లో వస్తున్నప్పుడు పక్క నుంచి వచ్చే స్కూటీని కూడా చెబుతుంది. బీప్ కొట్టి ఊరుకుంటుంది, స్టీరింగ్‌తో కుస్తీ పట్టదు.

## నాలుగు దారులు, పక్కపక్కన

| చూడాల్సింది | అడాస్ లేనిది | లెవెల్ 1 | లెవెల్ 2, కెమెరా మాత్రమే | లెవెల్ 2, కెమెరా + రాడార్ |
|---|---|---|---|---|
| తనంతట తాను బ్రేక్ | లేదు | ఉంటుంది | ఉంటుంది | ఉంటుంది |
| దూరం పాటించే క్రూజ్ | లేదు | సాధారణంగా ఉండదు | ఉంటుంది, ట్రాఫిక్ వేగంలో చాలావాటిలో పనిచేయదు | ఉంటుంది, ఆటోమేటిక్‌లో చాలావరకు ఆగి కదులుతుంది కూడా |
| పక్క వెనక రాడార్ | లేదు | అరుదు | అరుదు | చాలావాటిలో ఉంటుంది |
| ఎదురెండ, జోరువాన | వర్తించదు | కెమెరా చేతులెత్తేస్తుంది | కెమెరా చేతులెత్తేస్తుంది | కొంత నయం |
| చిన్న గుద్దుడు తర్వాత | మామూలు ఖర్చు | ముందు అద్దం మారిస్తే కాలిబ్రేషన్ (దాని వెనకున్న కెమెరా గురి మళ్లీ సరిచేయడం) | అద్దం మారిస్తే కాలిబ్రేషన్ | అద్దం, బంపర్ రెండింటికీ |

అడాస్ లేని వేరియంట్. దీన్ని పేదవాడి ఎంపికలా చూడొద్దు. ఆరు ఎయిర్‌బ్యాగులు, కారు అదుపు తప్పి జారకుండా పట్టే ఈఎస్‌సీ ఉండి, మిగిలిన డబ్బుతో మంచి టైర్లు వేసుకుంటే, సిటీ దాటని మనిషికి ఇది పూర్తిగా సరైన నిర్ణయం. ఈఎస్‌సీ లేకుండా అడాస్ మాత్రం వెతికేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. పునాది లేని మేడ అది.

లెవెల్ 1. 2023 వెన్యూ, 2024 సోనెట్ ఇలాగే వచ్చాయి: బ్రేకు, లేన్ హెచ్చరికలు, లేన్ సాయం ఉన్నాయి, దూరం పాటించే క్రూజ్ లేదు. మా తమ్ముడు "సగం అడాస్" అని వెక్కిరిస్తాడు గానీ, నా లెక్కలో మన రోడ్లకు కావాల్సిన సగం అదే. ప్రాణం కాపాడే ముక్క ఉంది, విసుగు తెప్పించే ముక్క చాలావరకు లేదు.

కెమెరా మాత్రమే ఉన్న లెవెల్ 2. ఎలివేట్, అమేజ్ లాంటివి ఈ దారిలో వచ్చాయి. బంపర్‌లో రాడార్ లేదు కాబట్టి ముందు చిన్నగా తగిలినా భయం తక్కువ. పగటిపూట పని బాగానే ఉంటుంది. విజయవాడ నుంచి సాయంత్రం హైదరాబాద్ బయల్దేరండి, తెలుస్తుంది. దారి పొడవునా పడమటి సూర్యుడు ఎదురుగా. నందిగామ దాటాక బావమరిది కారులో కెమెరా పనిచేయడం లేదన్న గుర్తు వెలిగింది, సూర్యుడు దిగేదాకా అలా వెలుగుతూ ఆరుతూనే ఉంది. మీకు ఏ సమయంలో ప్రయాణాలు ఎక్కువో చూసుకుని దీన్ని తీసుకోండి.

కెమెరా, రాడార్ కలిసిన లెవెల్ 2. క్రెటా, సెల్టోస్, హారియర్, ఎక్స్‌యూవీ700, హైక్రాస్ ఈ కోవ. పనితీరులో ఇదే మెరుగు, సందేహం లేదు. దానికి తగ్గట్టు ఖర్చూ ఉంది. చాలావాటిలో ఇది పై వేరియంట్లకే పరిమితం, అంటే సన్‌రూఫ్‌కీ పెద్ద చక్రాలకీ కూడా మీరే డబ్బు కడతారు. నా కారు ముందు బంపర్‌ని మాల్ పార్కింగ్‌లో ఎవరో తాకారు. గీత పెద్దది కాదు, కానీ రాడార్ బ్రాకెట్ కొంచెం వంగింది. సర్వీస్ సెంటర్‌లో నాలుగు రోజులు ఉంచి, కాలిబ్రేషన్ మిషన్ వేరే బ్రాంచిలో ఉందని అటు పంపి, మళ్లీ తెచ్చారు. అంతవరకు బోర్డు మీద పసుపు లైటే. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు అద్దం మారిస్తే కాలిబ్రేషన్ ఖర్చు కూడా కలిపి ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

రోజంతా సిటీయే, ఊరికి పండగలకే అంటే: పక్క వెనక రాడార్, 360 కెమెరా ఉన్నది వెతకండి. దూరం పాటించే క్రూజ్ కోసం ఎక్కువ పెట్టకండి. సంక్రాంతికి హైవే మీద మూడు గంటలు పాకేటప్పుడు ఆగి కదిలే క్రూజ్ స్వర్గంలా ఉంటుంది, ఒప్పుకుంటాను, కానీ అది ఏడాదికోసారి.

నెలకు వెయ్యి కిలోమీటర్లకు పైగా హైవే అంటే: కెమెరా, రాడార్ కలిసిన లెవెల్ 2, అదీ ఆటోమేటిక్‌లో. మాన్యువల్ గేర్ కారైతే ఆగి కదలడం ఉండదు, కొన్నింట్లో క్రూజే రాదు, వేరియంట్ పేరు పెట్టి అడగండి.

ఇంట్లో కొత్తగా నేర్చుకున్న కూతురు, పెద్ద వయసు నాన్న కూడా నడిపే కారైతే: లెవెల్ 1 చాలు. లేన్ సాయాన్ని ఆఫ్ చేసి తాళాలివ్వండి.

శ్రీశైలం, అరకు ఘాట్లు ఎక్కువగా తిరిగేవాళ్లకు వీటిలో బ్రేక్ తప్ప ఏదీ పెద్దగా ఉపయోగపడదు. ఆ మలుపుల్లో ముందు బండి కెమెరా చూపు నుంచి జారిపోతుంది, క్రూజ్ దారి ఖాళీ అనుకుని వేగం అందుకుంటుంది.

అమెరికా నుంచి వచ్చిన బావ మాట విని కొనేవాళ్లకు ఒక విన్నపం. డల్లాస్ ఫ్రీవే మీద అది బాగుంటుంది, ఆయన చెప్పింది అబద్ధం కాదు. అయితే అక్కడ కూడా 2023 డిసెంబరులో టెస్లా తన ఆటోపైలట్ కోసం 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. డ్రైవర్ దృష్టి రోడ్డు మీద ఉందో లేదో చూసే ఏర్పాటు చాలదన్నదే అక్కడి అభ్యంతరం.

## టెస్ట్ డ్రైవ్‌లో

షోరూమ్ చుట్టూ రెండు కిలోమీటర్లు తిప్పితే ఏమీ తెలీదు. అరగంట అడగండి, మీరు రోజూ వెళ్లే రోడ్డుకే తీసుకెళ్లండి. గుంతలున్న చోట లేన్ సాయం ఆన్ చేసి స్టీరింగ్ ఎంత గట్టిగా లాగుతుందో చూడండి. దాన్ని ఆఫ్ చేయడానికి స్టీరింగ్ మీద బటన్ ఉందా, స్క్రీన్‌లో నాలుగు మెనూలు దాటాలా చూడండి. ఆ తర్వాత కారు ఆపి, మళ్లీ స్టార్ట్ చేయండి. మీరు ఆఫ్ చేసింది ఆఫ్‌లోనే ఉంటే ఆ కారుకు ఒక మార్కు ఎక్కువ వేయండి. నా కారులో ప్రతిసారీ మళ్లీ ఆన్ అవుతుంది. మూడేళ్లుగా తాళం తిప్పగానే ఆ బటన్ నొక్కడం నా దినచర్య.

కొన్నాక ఒక చిన్న సంగతి. నా కారులో రాడార్ ముందు లోగో వెనక ఉంటుంది. మొదటి దసరాకి మా అమ్మ లోగో మీద నిండుగా పసుపు, గంధం, కుంకుమ పెట్టి, బంతిపూల దండ దాని మీదుగా వేలాడదీసింది. నిమ్మకాయలు తొక్కించి వీధి మలుపు తిరిగానో లేదో, "ముందు రాడార్ మూసుకుపోయింది" అని బోర్డు మీద మెసేజ్. అమ్మ చూసి "ఏంట్రా, ఏమైంది?" అంది. పాడవలేదమ్మా, బొట్టు దాని కంటికి అడ్డమొచ్చిందని చెప్పాను. మరుసటి ఏడాది నుంచి దండ బానెట్ మీదకు మారింది, బొట్టు స్టీరింగ్‌కి పెడుతోంది.